కూర్చోలేదని రాశాను

నిలబడి చేసే ఉద్యోగం పోయాక నాకు దొరికిన పని ఇది. కొనడానికి వచ్చినదానిలా షాపుకెళ్లి, అక్కడివాళ్లు ఎలా మెలుగుతున్నారో గుట్టుగా చూసి, కంపెనీకి రాసి పంపాలి. బట్టల షాపులో ఏళ్ల తరబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకున్నాను. ఇక పొమ్మన్నారు. అప్పట్నుంచీ తమ్ముడి ఇంట్లో ముందుగదిలో సర్దుకుంటున్నాను. ఈ పని నిలబడితే వేరే గది తీసుకోవాలని ఆశ.

"ఏమీ కొనకుండా కొనేట్టు నటించడానికి జీతమా వదినా? మా ఆయన్నీ చేర్పించు, పెళ్లైనప్పట్నుంచీ అదే పని," అంది మరదలు. నవ్వాను. నవ్వడానికి కూడా ఓపిక కూడగట్టుకోవాల్సి వస్తోంది.

మొదటిది చొక్కాల షాపు. "కౌంటర్లో అమ్మాయి పలకరించిందా, నవ్విందా, డ్యూటీలో కూర్చుందా, అదీ చూడాల్సింది. మీరెవరో మాత్రం బయటపడకూడదు," అని మా కంపెనీ మేనేజరు ఫోన్లో మరీ మరీ చెప్పాడు.

కౌంటర్ దగ్గరి అమ్మాయి పలకరించింది, నవ్వింది. తమ్ముడికని చొక్కాలు తీయించాను. ఇంకో రంగు కోసం ఆమె లోపలికి వెళ్లగానే నా చేతులు ఊరుకోలేదు. విప్పిన చొక్కాలన్నీ కాలరు పైకొచ్చేలా మడిచి, సైజుల వరసలో పేర్చేశాను. పాడు అలవాటు.

ఆమె వచ్చి చూసింది. "ఏ షాపులో చేసేవారక్కా?"

చొక్కాల మీంచి చేతులు తీసేశాను. "ఎప్పుడో మానేశానమ్మా."

"అయితే మీరు మా మనిషే. ఏమనుకోకండి, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నా," అంటూ చెప్పులు విడిచి స్టూలు మీద కూలబడింది. పాదాలు వాచిపోయి, చెప్పుల పట్టీలు ఒత్తుకున్నచోట ఎర్రగా గాడి పడింది. నా ప్రాణం ఉసూరుమంది.

ఇంటికొచ్చి రిపోర్టు ముందేసుకున్నాను. పలకరించింది. నవ్వింది. కూర్చుందా అన్నచోట చాలాసేపు ఆగి, కూర్చోలేదని రాశాను.

మర్నాడు మేనేజరు ఫోను. "మొదటి షాపు మీకు పరీక్షండీ. మీ ఫోటో చూపించి, మీరొస్తే కాసేపు కూర్చోమని ఆ అమ్మాయికి మేమే చెప్పాం. అబద్ధం రాసేవాళ్లు మాకు పనికిరారు."

వంటగదిలో మరదలు చెవి ఇటే పడేసింది. వేరే గది మీద ఆశకు నీళ్లొదిలేశాను. ఒళ్లు మండింది గానీ అరిచే ఓపిక లేదు.

"సరే బాబూ, కూర్చోమని మీరే చెప్పారు," అన్నాను. "ఆ పాదాలు వాచమని కూడా మీరే చెప్పారా?"