ఆకుపచ్చ గడి

ఎర్ర గడిని ఆకుపచ్చగా మార్చడానికి మా వృత్తిలో పెద్ద విద్యలేం అక్కర్లేదు. తనిఖీకి వెళ్లిన కంపెనీలో లోపం కనబడితే రిపోర్టులో ఆ గడికి ఎరుపు వేస్తాం. దాన్ని సరిచేసే ప్రణాళిక కాగితం మీద ఉంటే పసుపు. ఆ ప్రణాళికకు కంపెనీ డైరెక్టర్ల బోర్డు తలూపితే ఆకుపచ్చ. ఎవరూ పార పట్టి ఒక్క తట్ట మట్టి వేయక్కర్లేదు. ఆకుపచ్చ అంటే ‘బాగుంది’ అని కాదు, ‘బాగుచేస్తామన్నారు’ అని. ఇది మా ఆఫీసులో అందరికీ తెలుసు. బయటివాళ్లకు తెలియదన్న సంగతి మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు. అంత తెలివైనవాళ్లం మరి.

పైగా ఆ పద్ధతి తయారుచేసిన మహాతల్లిని నేనే.

నేను ఈ కుర్చీలోకి బురదలోంచి వచ్చాను. మాటవరసకు కాదు, నిజంగానే. మొదటి ఉద్యోగం మట్టి పరీక్షల ల్యాబులో. మోకాళ్లదాకా దిగబడి నమూనాలు తీసేదాన్ని. సెలవురోజు క్లాసులకు వెళ్లి మేనేజ్‌మెంట్ డిగ్రీ తెచ్చుకుని కన్సల్టింగ్ కంపెనీలో చేరాను. ఆరేళ్లు బిజినెస్ స్ట్రాటజీ చూశాను. అంటే ఎవరు ఏ ఫ్యాక్టరీ మూసుకోవాలో చల్లటి గదిలో కూర్చుని చెప్పడం. ఇంతలో సస్టైనబిలిటీ గాలి వీచింది, అంటే కంపెనీలు మట్టికీ నీటికీ మనుషులకీ చేటు చేయట్లేదని తనిఖీ చేసే పని. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలంటారు కదా, నేనూ అదే చేశాను. మట్టి తెలిసినదాన్ని, స్ట్రాటజీ తెలిసినదాన్ని, నాకంటే తగినవాళ్లు ఎవరు దొరుకుతారు వాళ్లకి?

ఈ ఏడాది ఒక గని పని వచ్చింది. ఖనిజం కడిగిన బురదనీళ్లను ఎత్తున ఒక పెద్ద చెరువులో నిలవ చేస్తారు. దానికి మట్టికట్ట. కట్ట కింద వరసగా పనివాళ్ల ఇళ్లు పన్నెండు. అందులో ఒక ఇల్లు మా తమ్ముడిది. వాడక్కడ పంపు ఆపరేటరు. ఆ సంగతి మా ఆఫీసు పెద్దాయనకు ముందే చెప్పాను. “మంచిదేగా, లోపలి విషయాలు తెలుస్తాయి,” అన్నాడు. ఆయన్ని మేం చాటుగా ఇస్త్రీ అంటాం. చొక్కాలోనే కాదు, వాక్యంలోనూ ముడత ఉండనివ్వడు.

ఎండాకాలంలో వెళ్లి కట్ట అడుగు చూశాను. చాపంత మేర చెమ్మ. అందులోంచి ఊరే నీళ్లు తేటగా ఉంటే అంత భయం లేదు. అవి మట్టిరంగులో ఉన్నాయి. అంటే నీళ్లు కట్టని లోపల్నుంచి తినేస్తున్నాయి. ఆ సాయంత్రమే తమ్ముడితో చెప్పాను, “ఒరే, ఇక్కడ ఉండొద్దు. గుట్ట మీద గదులేవైనా చూసుకో.” ఎందుకని అడగలేదు వాడు. అక్క చెబితే అంతే. వాడు కదిలాడని వెనకే మిగతా పదకొండు కుటుంబాలూ కదిలాయి. నీళ్ల సంగతి వాడికి తెలుసని అక్కడ అందరికీ నమ్మకం.

ఆఫీసుకు వచ్చి ఎరుపు వేశాను. ఇస్త్రీ రిపోర్టు తిప్పి చూశాడు.

“ఎరుపు కాదని నేననను. కానీ కొత్త కట్ట ప్రణాళికకు బోర్డు ఒప్పుకుంది. నీ పద్ధతి ప్రకారం అదేం రంగు అవుతుందమ్మా?”

“ఆకుపచ్చ,” అన్నాను.

“పద్ధతి పెట్టినవాళ్లే తప్పితే ఎలా? వచ్చే నెల పార్ట్‌నర్ల జాబితాలో నీ పేరుంది, గుర్తుందిగా.”

సంతకం పెట్టాను. తేలిగ్గానే పెట్టాను. ఎందుకంత తేలికో నాకు తెలుసు. నా వాళ్లు అప్పటికే గట్టెక్కారు. ఆ ధీమా తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మూడు వారాల తర్వాత, నాలుగు రోజుల ముసురులో, మరదలు ఫోన్ చేసింది.

“వదినా, మళ్లీ మా ఇంటికి వచ్చేశాం. ఆ ఇరుకు గదుల్లో చచ్చిపోయాం అనుకో. గేటు దగ్గర నీ రిపోర్టు అంటించారు. కట్టకి ఆకుపచ్చ, కింద నీ పేరు. మీ తమ్ముడైతే అందరికీ చూపించి మురిసిపోతున్నాడు.”

“ఉన్నపళంగా పిల్లల్ని తీసుకుని పైకి వెళ్లు,” అన్నాను.

“అదేంటి వదినా, రాసిందీ నువ్వే, భయపెట్టేదీ నువ్వేనా?” అని నవ్వింది. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు, పంపుహౌస్‌లో ఫోన్ పలకదు.

ఇస్త్రీకి చేశాను. “ఇలాంటివి ఫోన్లో మాట్లాడకూడదు. రాసి పంపు, సోమవారం చూద్దాం,” అన్నాడు. ఆరోజు శుక్రవారం. కారు తీశాను.

రెండు గంటల దారి. ముందు ఇంటికి కాదు, కట్ట దగ్గరికే వెళ్లాను. చాపంత చెమ్మ కాస్తా కాలువై పారుతోంది. చెయ్యి పెడితే వేళ్లు కనిపించలేదు. అంత చిక్కగా ఉన్నాయి నీళ్లు. పైన గడ్డి మీద కొత్త చీలిక. దాని వెంట నడిచాను. ముప్పై అడుగులు వేసినా అవతలి కొస రాలేదు.

తమ్ముడు అప్పుడే డ్యూటీ దిగి, గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. నన్ను చూసి వాడి మొహం వెలిగిపోయింది.

“అక్కా! చెప్పకుండా వచ్చావే. రా, టీ తాగుదాం.”

“టీ వద్దు, ఏమీ వద్దు. పిల్లల్ని కారెక్కించు. కట్ట ఆగదు.”

“ఆకుపచ్చ అని రాశావుగా?”

చెప్పాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, బోర్డు, ప్రణాళిక, అంతా. బోర్డు గదిలో ఎంతో తెలివిగా వినిపించిన మాటలు ఆ గుమ్మంలో నాకే రోత పుట్టించాయి. వాడు ఒక బూటు చేత్తో పట్టుకుని మొత్తం విన్నాడు.

“అంటే కట్టకి ఎవరూ ఏమీ చెయ్యలేదు.”

“లేదు.”

“ఆ పదకొండు ఇళ్లవాళ్లనీ నేనే వెనక్కి పిలిచాను, అక్కా. మా అక్క రాసింది, నాదీ పూచీ అని ఇంటింటికీ తిరిగాను.”

“ముందు మీరు బయల్దేరండి. వాళ్ల సంగతి కంపెనీతో నేను మాట్లాడి…”

“అప్పుడూ ఇంతేగా,” అన్నాడు. గొంతు పెంచలేదు. “మమ్మల్ని పంపించేసి సంతకం పెట్టావు.”

పంపుహౌస్‌లో ఇళ్లన్నిటికీ వినబడే మైకు ఉంటే, వాడే నన్ను తీసుకెళ్లి దాన్ని నా చేతికిచ్చాడు. పేరు చెప్పాను. ఆ రిపోర్టు నేనే రాశానని, అది తప్పని, కట్ట తెగబోతోందని, ఉన్నవాళ్లు ఉన్నట్టే పైకి పొమ్మని చెప్పాను. ఉద్యోగం అక్కడితో సరి. ఆ క్షణంలో దాని ఊసే గుర్తు రాలేదు, అదొక్కటే నా పుణ్యం.

తొమ్మిది ఇళ్లవాళ్లు తిట్టుకుంటూనే బయటికి వచ్చారు. ఒకామె నా ముందే ఉమ్మేసి వెళ్లింది. చివరి రెండిళ్ల తలుపులు తెరుచుకోలేదు. “పొద్దునొక మాట, సాయంత్రమొక మాటా? పోవమ్మా,” అని లోపల్నుంచే ఒకాయన కసిరాడు.

“వీళ్లని తీసుకుని నువ్వు పైకి పో,” అన్నాడు తమ్ముడు. “నా మాట మీద వచ్చినవాళ్లు. నేను తీసుకొస్తా.”

గుట్ట మీద కారు ఆపాను. వెనక సీట్లో పిల్లలిద్దరూ, పక్కన మరదలు. కింద తమ్ముడు ఒక తలుపు మీద రెండు చేతులతో బాదుతున్నాడు. చప్పుడు ఇక్కడికి వినబడలేదు. కట్ట మధ్యలో గడ్డి ఒక మనిషి ఎత్తు కిందికి జారింది.

“నిజం చెప్పు వదినా,” అంది మరదలు, నా వైపు చూడకుండానే. “ఇంకా ఎంతసేపు ఉంటుందది?”

“తెలియదమ్మా.”

ఆమె తలుపు తీసుకుని దిగి, చెప్పులు అక్కడే వదిలేసి కిందికి పరిగెత్తింది. నేనూ దిగబోయాను. వెనకనుంచి చిన్నది నా భుజం పట్టుకుని, “అత్తా, నువ్వెళ్లకు,” అంది. పిల్లలిద్దరినీ ముందుకు లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. కింద ఒక తలుపు తెరుచుకుంది, రెండోది ఇంకా మూసే ఉంది.