ఇస్తానన్న కిడ్నీ

నా మొగుడు తాగుబోతు కాదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఆత్మకూరు ఆసుపత్రిలో డాక్టరు, నర్సు, ఆఖరికి చీటీలు రాసే ఆయన కూడా అదే అడిగారు. సారా తాగుతాడా, బీడీలు కాలుస్తాడా, షుగరుందా, బీపీ ఉందా? ఏదీ లేదంటే నమ్మరు. కంకర కొట్టేవాడని తెలిస్తే చాలు, తాగే ఉంటాడని తేల్చేస్తారు. మరి తాగని మనిషికి కిడ్నీలెందుకు పోయాయయ్యా అంటే మళ్ళీ మొదటి ప్రశ్నకే వస్తారు.

ఊళ్ళోవాళ్ళ సంగతి సరేసరి. చేతబడి అన్నవాళ్ళున్నారు, పాపం పండిందన్నవాళ్ళున్నారు. ఎక్కువమంది మాత్రం నీళ్ళ మీదికే తోశారు. "ఆ కొండ కింద బోరు నీళ్ళు తాగబట్టే ఇట్టయినాడు" అనేవారు. ఆత్మకూరు డాక్టరు కూడా మా ఆయన యేసురత్నం కాళ్ళ వాపు చూసి, "నీళ్ళు తగ్గించు, ఎక్కువ తాగితే ప్రమాదం" అని గట్టిగా చెప్పాడు. దాంతో నీళ్ళే మా కొంప ముంచాయని నా మనసులో బాగా నాటుకుపోయింది.

ఉదయగిరి దగ్గర ఆ కొండ కింద నేనూ ఆయనా పెళ్ళయినప్పటినుంచీ పక్కపక్కన కూచుని కంకర కొట్టినవాళ్ళమే. మగవాళ్ళు బోరు దగ్గరికి పోయి తాగి వస్తారు. ఆడవాళ్ళం తాగం. పొద్దున పని ఎక్కితే మళ్ళీ దిగేదాకా నోరు పుక్కిలించి ఊసేస్తామంతే. తాగితే ఒంటికి పోవాలి, అక్కడ చాటుకి ఒక్క చెట్టు లేదు. కొత్తగా వచ్చిన పిల్ల ఎవతైనా చెంబెత్తి గటగటా తాగిందంటే, "ఏందిమే, నీకు సిగ్గు లేదా?" అని నలుగురూ నవ్వుతారు. నడుం నొప్పంటే మేస్త్రి పెంచలనరసయ్య జేబులోంచి బిళ్ళ తీసి టీతోపాటు ఇస్తాడు. మంచివాడే, ఎవరడిగినా కాదనడు.

యేసురత్నానికి కిడ్నీ మార్చాలని తేలాక పాస్టరుగారు మద్రాసులో ఒక ఆసుపత్రితో మాట్లాడారు. ఖర్చు వాళ్ళే చూసుకుంటారు, కిడ్నీ ఇచ్చే మనిషి కావాలన్నారు. నేనున్నానుగా అన్నాను. యేసురత్నం ఒప్పుకోలేదు, మూతి ముడుచుకుని అన్నం మానేశాడు. "నాకు రెండుండాయి, రెండూ పెట్టుకుని ఏం చేసుకోవాల? నోర్మూసుకుని తిను" అన్నాను.

మద్రాసు నుంచి పిలుపు వచ్చేలోగా ఎండాకాలం ముంచుకొచ్చింది. ఆయనకివ్వాల్సిన కిడ్నీ కదా, పాడవకుండా చూసుకోవాలనుకున్నాను. బోరు నీళ్ళు పుక్కిలించడం కూడా మానేశాను. ఇంటికొచ్చాక ఒక గ్లాసు గంజి, అంతే. నాలుక పిడచగట్టుకుపోయేది, కళ్ళు తిరిగేవి, అయినా ఓర్చుకున్నాను. ఆయన వంతు పని కూడా నేనే చేయాలి కాబట్టి నడుం విరిగిపోయేది. మేస్త్రినడిగి ఒక బిళ్ళకి రెండు మింగేదాన్ని. ఒంటికి పోతే టీ డికాషనులా వచ్చేది. లోపలున్న మలినం పోతోంది, మంచిదేలే అనుకున్నాను.

మద్రాసులో నాకు పరీక్షలన్నీ చేశారు. అక్కడి పెద్ద డాక్టరమ్మకు తెలుగు బాగా వచ్చు. ఇద్దర్నీ ఎదురుగా కూచోబెట్టి, "అమ్మా, నీ కిడ్నీ మేం తీసుకోలేం. నీవి కూడా సగానికి పైగా దెబ్బతిన్నాయి" అంది.

"నేను తాగనమ్మా!" అన్నాను. నోట్లోంచి ముందు ఆ మాటే వచ్చింది. సిగ్గేసింది.

ఆమె నవ్వలేదు. "నువ్వు తాగుతావని నేననలేదు" అంటూ ఏం పని, ఎంత ఎండ, నీళ్ళెప్పుడు తాగుతావు, ఏం మందులు మింగుతావు అని అడిగింది. దాచకుండా అన్నీ చెప్పాను. చెబుతుంటే ఆమె చేతిలో కలం ఆగిపోయింది.

"ఎండలో నీళ్ళు లేకుండా అంత చాకిరీ చేయడం కావచ్చు. ఆ బిళ్ళలు కావచ్చు. నీళ్ళలోనే ఏదో ఉండొచ్చు, రాతి దుమ్ము కావచ్చు, అన్నీ కలిసీ కావచ్చు. నిజం చెప్పాలంటే నాకు తెలియదమ్మా. మీవైపు నుంచి కూలిపని చేసేవాళ్ళు ఇట్లా వస్తూనే ఉన్నారు."

"నీళ్ళు తాగకపోయినా పోతాయా?" అన్నాను.

"పోవచ్చు" అంది.

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఆత్మకూరు డాక్టరు చెప్పింది వాపు ఉన్న మనిషికి, నాకు కాదు. నేనూ తాగకూడదా అని ఎవర్నీ అడగలేదు. ఆయన కోసం కాపాడుతున్నాననుకుంటూ నా చేతులారా నేనే చెడగొట్టుకున్నానేమోనని గుండెలు బాదుకోవాలనిపించింది.

బయట బల్ల మీద కూచున్నాక యేసురత్నం ఏడ్చాడు. తనకి రోగమని తెలిసినప్పుడు కూడా ఏడవని మనిషి. "నాకేమైనా పిల్లోళ్ళకు నువ్వుంటావులే అని నిబ్బరంగా ఉన్నాను గదమే" అన్నాడు. ఆయన వీపు నిమురుతూ కూచున్నాను.

మర్నాడు సాయంత్రానికి ఇల్లు చేరాం. మా అత్త రాహేలమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఆపరేషను ఎప్పుడంట?" అంది. జరిగింది చెప్పాను. ఆమె కొంగు బిగించి, "అయితే నాది తీసుకోమను. కన్నదాన్ని, నాకంటే ఎవురిస్తారు? రేపే పోదాం పదండి" అంది.

యేసురత్నం కడుపులో ఉన్నప్పుడు కూడా ఆ కొండ కింద సుత్తి దించని మనిషి ఆమె.

"వద్దులేమ్మా" అన్నాడాయన.

"ఏం, ముసిలిదాందని పనికిరాదా?" అని అత్త విసురుగా లోపలికి పోయింది. చీర కుచ్చెళ్ళ కింద ఆమె పాదాలు ఉబ్బి ఉన్నాయి. వయసు మీద పడితే వచ్చే వాపేలే అని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాం. నేను ఆయన వైపు చూశాను. ఆయనా ఆ పాదాల వైపే చూస్తున్నాడు.

"ఆమెకు పరీక్షలు చేయించబాక, రెబెకా" అన్నాడు మెల్లగా. "ఇంట్లో పెద్దోళ్ళల్లో ఒక్కరన్నా బాగుండారని అనుకోనీ నన్ను."

సరేనన్నాను.