తోమిన కడ్డీలు

నేను హన్మండ్లును, వర్నిలో లైన్‌మన్‌ను. ఇరవై రెండేళ్ల డ్యూటీలో మనుషులను నమ్మడం మానేశాను. ఆ సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు తీసి స్తంభం ఎక్కబోతుంటే, వీధంతా చీకటైనా లిడియా వాళ్ల వసారాలో బుల్లి బల్బు ఒకటి వెలుగుతోంది. నాకు ఒళ్లు మండింది. ఎవరో ఇంట్లోంచి ఎదురు కరెంటు వదిలితే స్తంభం మీదే పోయినవాళ్లను నేను దించాను.

నేరుగా వెళ్లి నిలదీశాను. లిడియా బోధన్‌లో డిగ్రీ చదువుతోంది. వసారాలో పన్నెండు టబ్బుల బురద, అందులో వరి, టబ్బుకూ టబ్బుకూ మధ్య సన్న తీగ. వరివేళ్ల దగ్గరి బురదలోంచే కరెంటు వస్తుందట. బ్యాటరీ దాచిందని కాలేజీ సార్లకు అనుమానమట, రేపు పొద్దున చూడటానికి వస్తారట. బల్బు వెలిగితే హైదరాబాద్ పోటీకి పంపుతారు, లేదంటే మోసం చేసిందని పేరు కొట్టేస్తారు. సార్లకే నమ్మకం లేనిది నాకెక్కడిది?

"నమ్మకపోతే సూస్కో అన్న" అని ఆమె చర్చిలో పాటల ప్రాక్టీసుకు వెళ్లిపోయింది.

చూసుకొమ్మంటే చేతులు పెట్టమని కాదు, అది నాకూ తెలుసు. అయినా మోచేతిదాకా పెట్టి పన్నెండు టబ్బులూ దేవాను. పాత టార్చి సెల్లుల్లోని నల్ల కడ్డీలు తప్ప ఏమీ దొరకలేదు. వాటికి జిగట పట్టి ఉంది. సిగ్గేసింది. చేసిన తప్పుకు కాస్త మేలైనా చేద్దామనుకున్నాను. కనెక్షన్ శుభ్రంగా ఉంటే కరెంటు బాగా పారుతుందని మాకు మొదటిరోజే నేర్పుతారు. బోరింగు దగ్గర కూర్చుని ప్రతి కడ్డీనీ బ్రష్షుతో తళతళలాడేలా తోమి, ఎక్కడివక్కడ గుచ్చాను. బల్బు వెలగలేదు.

లిడియా తిరిగొచ్చాక జరిగింది చెప్పాను.

"కడిగినవా అన్న? గా జిగటల పురుగులే కరెంటు పుట్టిచ్చేది. గవి పెరగనీకె నలభై రోజులు వట్టింది."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పెద్ద సారు ఆరిన బల్బును చూసి, దొరికిపోతానని బ్యాటరీ తీసేసిందన్నాడు. నేను ముందుకెళ్లి, కడ్డీలు పీకింది, తోమింది నేనేనని మొత్తం చెప్పాను.

"బ్యాటరీ లేకుండె సార్. నా చేతులతోని దేవిన. తప్పంత నాదే."

ఈ అమ్మాయికి నేనేమవుతానని అడిగాడు. ఏమీ కానన్నాను. ఆయన నా యూనిఫాం వైపు ఒకసారి చూసి, లిడియా వైపు తిరిగాడు.

"సాక్షిని బాగానే తయారు చేసుకున్నావమ్మా."