సీటు కింద నలిగిన వెలుగుతీగ

నేను ఒక వెలుగుతీగను. మీ ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ కేబుల్‌కు దూరపు చుట్టాన్ని. ఒంటిమీద నారింజ రంగు తొడుగు, లోపల గాజులా మెరిసే ప్లాస్టిక్ పోగు. నాలో కరెంటు పారదు. కారులో పాట పెడితే అది ఎర్రటి వెలుగుగా మారి నా ఒక చివర దూరి రెండో చివర తేలుతుంది.

ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. ఒక పెద్ద కారు వెనక సీటు కింద నన్ను పడుకోబెట్టారు. ముందున్న స్టీరియో నుంచి డిక్కీలోని యాంప్లిఫయరు దాకా నేను, అక్కణ్నుంచి మళ్లీ ముందుకు వచ్చేలా నాలాంటి తీగలు మరికొన్ని ఉన్నాయి. అందరం చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డట్టు లెక్క. ఒక్కరు చెయ్యి వదిలినా కారంతా మూగబోతుంది.

మొదటి యజమాని హైదరాబాదులో ఒక బిల్డరు. పన్నెండు స్పీకర్ల కారు కొనుక్కుని ఏడేళ్లపాటు వాటిలో ఫోన్లు మాట్లాడాడు. ఇసుక లారీ ఎక్కడ ఆగిందో పన్నెండు వైపుల నుంచీ వినేవాడు. ఒక్క పాట పెట్టలేదు.

తర్వాత కాకినాడ వచ్చాను. అక్కడ పెళ్లిళ్లకు వంటలు చేయించే నాగరత్నంగారు కారు కొన్నారు. ముప్పై ఏళ్లు పొయ్యిల దగ్గర నిలబడ్డ మనిషి తనకోసమని కొనుక్కున్న మొదటి వస్తువు అది. డ్రైవరు వీరబాబు. వెళ్లేటప్పుడు ఆవిడకిష్టమైన పాత పాటలు, వచ్చేటప్పుడు అతనికిష్టమైన కొత్త పాటలు. ఇద్దరికీ అదే ఒప్పందం. ఆవిడ శ్రుతి తప్పి పాడేవారు. అతను అద్దంలో చూసి తల ఊపేవాడు. నా బతుకులో అవి పండుగ రోజులు.

మాఘమాసంలో పిఠాపురంలో పెళ్లి. సామాను వాన్ దారిలో చెడిపోయింది. వీరబాబు చెల్లెలి గృహప్రవేశానికి తుని వెళ్లి ఉన్నాడు. నాగరత్నంగారు వెనక సీటు పైకి లాగించి, పులిహోర గుండిగ అక్కడ పెట్టించి, తనే కారు నడుపుకుంటూ వెళ్లారు. పని అయ్యాక వంటమనిషి సూరన్న సీటు తిరిగి పెట్టబోతే కుదరలేదు.

"నువ్వు జరుగు," అని ఆవిడ దాని మీద ధబ్బున కూర్చున్నారు. సీటు కుదిరింది. దాని అడుగు ఇనుపపట్టీ నన్ను రెండుగా మడిచేసింది.

వెలుగు వంపు తిరగగలదు, మడత దాటలేదు. అయినా కాస్త కాస్త జారనిచ్చి నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. అయిదో రోజు సామర్లకోట రోడ్డులో వీరబాబు పాట మారుస్తుండగా నా వల్ల కాలేదు. కారు మూగబోయింది.

"ఏం నొక్కావు వీరబాబూ?"

"ఏం నొక్కలేదండి. పాట మార్చానంతేనండి."

అక్కడితో ఆగితే బాగుండేది. వంటశాలకు వచ్చాక పదిమందిలో ఆవిడ మళ్లీ అందుకున్నారు. "నువ్వు ముట్టుకోకముందు బానే ఉంది కదా! పాడుచేసి లేదంటావేంటి?"

వీరబాబు తాళంచెవి బియ్యం డబ్బా మూత మీద పెట్టాడు. "చేతగానోణ్ని అనండి, పడతానండి. అబద్దాలోణ్ని అనకండమ్మగారూ." మరి రాలేదు.

నిజం తెలిసింది నాకొక్కదానికే. నాకేమో నోరు లేదు.

మూడు వారాలు ఆవిడ మూగకారులోనే తిరిగారు. పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే మొత్తం సిస్టమంతా మార్చాలి, రెండు నెలలు పడుతుందన్నారు. ఎవరో జగన్నాథపురంలో దానియేలుగారి కొట్టుకు వెళ్లమన్నారు. ఆయనకు పుట్టినప్పటినుంచీ వినపడదు. భార్య సుగుణ చేతులతో ఆయనకు చెబుతుంది, ఆయన చెప్పింది నోటితో మనకు చెబుతుంది.

"వినపడనాయన పాటలెలా బాగుచేస్తారమ్మా?" అన్నారు నాగరత్నంగారు.

సుగుణ నవ్వింది. "పాట మీరు వినుకోండి మేడంగారూ. ఆయన వెలుగు చూస్తారు."

ఆయన స్టీరియో వెనక నా మొన ఊడదీసి, ఆ రంధ్రం ముందు అరచెయ్యి పెట్టారు. ఎర్రటి చుక్క పడింది. మొన మళ్లీ తగిలించి, డిక్కీలో నా రెండో చివర చూశారు. చీకటి. అప్పుడు వెనక సీటు ఎత్తారు. ఇనుపపట్టీ కింద మడతపడి, పులిహోర నూనె అంటుకుని, ఎండిన కరివేపాకు ఒకటి మీదేసుకుని దొరికిపోయాను.

ఆయన చేతులు కదిపారు. "ఎవరో దీనిమీద బలంగా కూర్చున్నారంటున్నారండి," అంది సుగుణ.

నాగరత్నంగారు కరివేపాకు తీసి చేతిలో పెట్టుకున్నారు.

"ఎవరో ఏంటమ్మా, నేనే," అన్నారు. "ఉత్తపుణ్యానికి ఓ మంచోడిమీద నిందేశాను."

దానియేలుగారు కొత్త తీగ కొలిచి, మొనలు బ్లేడుతో నున్నగా కోసి, పట్టీకి దూరంగా పరిచారు. తర్వాత కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. పాట మొదలవగానే, సుగుణ చెప్పకముందే, ఆయన తల తాళానికి ఊగింది. నాగరత్నంగారు ఆయనకోసం శబ్దం ఇంకాస్త పెంచారు.

నన్ను చెత్తబుట్టలో వేయబోతే ఆవిడ అడిగి తీసుకున్నారు. నేరుగా వీరబాబు ఇంటికి వెళ్లి, ఏమీ చెప్పకుండా, "ఒక్కసారి వంటశాలకు రా నాయనా," అన్నారు. అతను కాదనలేక వచ్చాడు. నింద వేసింది పదిమందిలో కదా, అదే పదిమంది ముందు ఆవిడ నన్ను పైకెత్తి చూపించారు.

"పాట ఆపింది వీరబాబు కాదర్రా. నా బరువు. నువ్వు నన్ను క్షమించాలి బాబూ."

ఎవరికీ నవ్వాలో మానాలో తెలియలేదు. వీరబాబు కళ్లు తుడుచుకున్నాడు.

"ఆయ్! బరువనకండమ్మగారూ, బలమనండి."

సూరన్న పకాలున నవ్వాడు. మిగతావాళ్లూ ఆగలేదు. ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వారు.

ఇప్పుడు నేను వంటశాల గోడకు మేకు మీద ఉన్నాను. నాగరత్నంగారు ఎవరిమీదైనా గొంతు పెంచబోతే సూరన్న ఓసారి నావైపు చూస్తాడు. ఆవిడ ఆగి, ముందు బల్ల కిందికి వంగి చూస్తారు. మొన్న చిల్లుల గరిటె కనిపించలేదు. బల్ల కింద చూశారు, పొయ్యి వెనక చూశారు, బస్తాల మధ్య చూశారు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. చివరికి వీరబాబే వెళ్లి ఆవిడ ఎడమచేతిలోంచి దాన్ని మెల్లగా తీసి, కుడిచేతిలో పెట్టాడు.