సూర్యలంకలో వెనకవైపు గది

నేను ఒక ఫ్లాస్కుని. నీలం రంగు ఒళ్లు, నెత్తిన కప్పులాంటి మూత, లోపల రెండు పొరల గాజు. నన్ను ఫ్యాక్టరీలో చేసి ఒక అట్టపెట్టెలో పెట్టారు. ఆ పెట్టె మీద పచ్చగడ్డిలో దుప్పటి పరుచుకుని నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఉండేది. నా బతుకంతా అలాగే సాగుతుందని నమ్మాను. హనుమకొండలో ఒక దుకాణం అరలో కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. ఫ్లాస్కు కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రి నుంచే వస్తారు. రంగు చూడరు, బేరమాడరు. చేతికందినదాన్ని పట్టుకుని పరుగెడతారు.

సమ్మయ్య అలా రాలేదు. ఖాకీ చొక్కాలో, తీరిగ్గా వచ్చాడు. జనగామ డిపోలో బస్సు కండక్టరు. నా మూత తిప్పాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"ఛాయ్ ఎంతసేపు వేడిగుంటది?"

"పొద్దుగాల పోస్తే మాపటిదాక" అన్నాడు దుకాణదారు.

"గంతసేపెందుకు? అరగంటుంటే సాలు" అని నవ్వి నన్ను చంకలో పెట్టుకున్నాడు.

ఇరవై ఆరేళ్లుగా ఎవరెవరినో వాళ్లు దిగాలనుకున్న చోట దింపిన మనిషి. తాను మాత్రం సముద్రం చూడలేదు. ఒక పండగ సెలవు, ఒక వారపు సెలవు, ఇంకో రోజు లీవు కలిస్తే మూడు రోజులు. ఆ మూడు రోజులూ బాపట్ల దగ్గర సూర్యలంకలో గడపాలని అతని కోరిక. భోజనం చేశాక చాప మీద బోర్లా పడుకుని చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. వరంగల్లులో ఎక్కాల్సిన రైలు, బాపట్లలో దిగే వేళ, అక్కడి నుంచి బీచికి ఆటో, దారిలో తినడానికి పులిహోర. రాసిందల్లా భార్య అనసూర్యకు చదివి వినిపించేవాడు. ఆవిడ అంగన్‌వాడీలో ఆయా. కూరగాయలు తరుగుతూ వినేది.

"రెండో రోజు ఏం జేస్తం?" అని అడిగింది ఒకసారి.

"ఏం జెయ్యం. కూసుంటం. ఇరవై ఆరేండ్లు బస్సుల నిలవడ్డ. ఒక్కరోజు కూసోనియ్యవా?"

మొదటిసారి టికెట్లు తీశాక, ప్రయాణం పొద్దున అనసూర్యకు జ్వరం వచ్చింది. సమ్మయ్య మందుల దుకాణానికి వెళ్లాడు. అతను గుమ్మం దాటగానే ఆవిడ దుప్పటి తీసేసి వంటింట్లోకి వచ్చింది. దారికోసం పోసిన టీ నాలోంచి వంపుకుని, గోడకు చేరగిలబడి తాగింది. మూత పట్టుకున్న చెయ్యి చల్లగా ఉంది. జ్వరం లేదు.

రెండోసారి సెలవు రద్దుచేసి మేడారం జాతర బస్సులకు సమ్మయ్యను పంపారు. ఆ మాట విని అనసూర్య ముఖం తేటపడటం నేను చూశాను. మూడోసారి చెల్లెలి ఇంట్లో ఏదో పని ఉందంది. అక్కడ ఏ పనీ లేదు. సమ్మయ్య ఒక్కసారీ విసుక్కోలేదు. నన్ను తుడిచి అరమీద పెడుతూ, "పోనీయ్. సముద్రం యాడికి పోతది?" అనేవాడు.

ఆవిడ ఎందుకలా చేస్తోందో అప్పట్లో నాకు తెలియలేదు. అతని మీద ప్రేమ లేక మాత్రం కాదు. అతను డ్యూటీ నుంచి వచ్చే బస్సు చప్పుడు ఆవిడకు వీధి మలుపులోనే తెలిసేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం స్టేషన్ ఘన్‌పూర్ దాటాక సమ్మయ్య బస్సులోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ప్రయాణికులతో సహా బస్సును వరంగల్లు ఆసుపత్రికి మళ్లించాడు డ్రైవరు మొగిలి. ఆ సాయంత్రం నేనూ ఆసుపత్రి చేరాను. శుక్ర, శని, ఆది. భార్యాభర్తలిద్దరూ ఏ పనీ లేకుండా ఒకేచోట మూడు రోజులు కలిసి ఉన్నది అప్పుడే.

అతనికి టీ ఇవ్వొద్దన్నారు. శనివారం పొద్దున, "తాగను గనీ, జర వాసన జూపియ్యి" అన్నాడు. అనసూర్య నా మూత తీసి అతని ముఖం దగ్గర పట్టుకుంది. కళ్లు మూసుకుని పీల్చాడు.

"మంచిగైనంక పోదాం" అన్నాడు.

"పోదాం" అంది. తర్వాత, "నీకొక ముచ్చట చెప్పాలె" అంది.

"చెప్పు."

చాలాసేపు నన్ను ఒళ్లో పెట్టుకుని మూత బిగిస్తూ, విప్పుతూ కూర్చుంది. "ఇంటికి పోయినంక చెప్త" అంది చివరికి.

ఆదివారం మధ్యాహ్నం అతను పోయాడు.

పదకొండో రోజు దాటాక మొగిలి వచ్చాడు. డిపోలో సమ్మయ్య పెట్టెలో దొరికినవి తెచ్చాడు. ఒక ఈల, ఒక తువ్వాలు, ఆ నోటుబుక్కు. అనసూర్య వంటింట్లో కూర్చుని పేజీలు తిప్పింది. రైళ్ల వేళలు, ఆటో, పులిహోర అన్నీ విన్నవే. సమ్మయ్య ఎన్నడూ చదివి వినిపించని పేజీ ఒకటి చివర ఉంది. ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"గది వెనకవైపుది అడగాలె. కిటికీలకెల్లి నీళ్లు కనవడొద్దు. పొద్దుగాల నేనొక్కణ్ణే పోయి సముద్రం చూసి అరగంటల వస్త. గప్పటిదాక అనసూర్యకు ఫ్లాస్కుల ఛాయ్. చిన్నప్పుడు తన తమ్ముడు బాయిల పడి నీళ్లల్ల మునిగి సచ్చిపోయిన సంగతి అత్తమ్మ పెండ్లప్పుడే చెప్పింది. అనసూర్య తనంతట తాను చెప్పేదాక నేను అడగొద్దు."

ఆవిడ పుస్తకం మూయలేదు. "ఎరికేనా నీకు?" అంది ఖాళీ వంటింట్లో. "ఎరికుండి గూడ ఊకున్నవా?" అంటూ నేలమీద వాలిపోయింది.

నేను వేడిని ఒక పూట దాచగలను. వీళ్లిద్దరూ పెళ్లయినప్పటి నుంచి ఒకరికోసం ఒకరు ముప్పై ఏళ్లు దాచారు.

సంవత్సరీకం అయ్యాక అనసూర్య మూడు రోజులు సెలవు పెట్టి ఒంటరిగా రైలెక్కింది. సూర్యలంకలో వెనకవైపు గది అడిగితే, సముద్రం కనిపించే గదులు ఖాళీగా ఉన్నాయి కదమ్మా అని గదులు చూసుకునే ఆయన ఆశ్చర్యపోయాడు. రెండు రోజులు ఆవిడ మంచం మీద కూర్చుని సముద్రపు హోరు వింది. ఒకటి రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చింది.

మూడో రోజు పొద్దున నాలో టీ పోయించుకుని బయటికి నడిచింది. నీళ్లకు చాలా దూరంలో, పొడి ఇసుకలో కూలబడింది. నీళ్ల మీంచి కళ్లు మాత్రం తిప్పుకోలేదు. చేపల గంప దింపి నడుము సాగదీసుకుంటున్న ఒకావిడ చూసి దగ్గరికొచ్చింది. ఆవిడ పేరు నాగేంద్రం.

"ఏవమ్మా, ఇంత దూరం వచ్చి ఇక్కడే కూకున్నారు? కాళ్లన్నా తడుపుకోరా?"

"బయమమ్మా."

"నాకూ బయమే" అంది నాగేంద్రం. "కాపరానికొచ్చి ముప్పయ్యేళ్లయింది. మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. మా ఇంట్లో మగాళ్లు నవ్వుతారు."

అనసూర్య నవ్వబోయింది. నవ్వు రాలేదు, మాట వచ్చింది.

"నా తమ్ముడు బాయిల పడ్డడు. సూసుకొమ్మని అమ్మ నాకు చెప్పి కలుపుకు పోయింది. నేను గులకరాళ్లతోని అచ్చెనగండ్లాడుకుంట కూసున్న. సప్పుడు ఇనవడ్డది. రాయి పడ్డదనుకున్న."

నాగేంద్రం గంప పక్కకు జరిపి కూర్చుంది. "పేరేంటి బాబుది?"

అనసూర్య పెదవులు కదిలాయి.

"ఓదెలు."

"ఎన్నేళ్లు?"

"ఐదు."

"అప్పుడు నీకో?"

"తొమ్మిది."

"తొమ్మిదేళ్ల పిల్లవి" అంది నాగేంద్రం. అనసూర్య ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. భర్త పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. ఎండ ముదిరింది. గంపలో చేపలు మెత్తబడుతున్నా నాగేంద్రం లేవలేదు. చివరికి ఇద్దరూ నా మూతలోనే ఒకరి తర్వాత ఒకరు టీ తాగారు.

రైలు వేళకు ఆటో వచ్చింది. అనసూర్య ఇసుక దులుపుకుని, వెనక్కి చూసుకుంటూ వెళ్లి ఎక్కింది. నేను ఇసుకలోనే ఉండిపోయాను. నాగేంద్రం నన్ను చూసి చేతిలోకి తీసుకుని పరుగెత్తేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. అనసూర్య నన్ను మరిచిపోయిందో, కావాలనే వదిలేసిందో నాకు తెలియదు.

ఇప్పుడు నేను నాగేంద్రం ఇంట్లో ఉంటాను. వలలు బాగుచేసుకునే మగవాళ్లకు రోజూ టీ మోస్తాను. ఉప్పుగాలికి నా నీలం రంగు పొరలుగా లేస్తోంది. లోపల గాజు ఇంకా పగల్లేదు. నాగేంద్రం అనసూర్య పేరు అడగలేదు, ఊరు అడగలేదు. "ఈ ఫ్లాస్కు ఎవరిదే?" అని ఎవరైనా అడిగితే, కప్పులోకి టీ వంపుతూ ఒకటే చెబుతుంది.

"ఓదెలని ఒక పిల్లోడున్నాడులే. వాళ్లక్కది."