మట్టిలో పడుకున్న నా సవతి

నేను ఒక ఆవకాయ జాడీని. పైసగం తేనెరంగు, కిందిసగం తెలుపు. రెండు కిలోల ముక్కలు పడతాయి. అసూయ మాత్రం అంతకన్నా ఎక్కువే పడుతుంది.

నెల్లూరు వైపు ఒక కార్ఖానాలో నన్ను మట్టితో చేసి, పైన మెరుగు పూసి, బట్టీలో కాల్చారు. ఆ వేడికి నా పక్కనున్న వాళ్ళు కొందరు పగిలిపోయారు, నేను నిలిచాను. అప్పటినుంచీ నాకు కాస్త పొగరు. నూజివీడు సంతలో రాజ్యలక్ష్మిగారు వేలితో కొట్టి చూసి, ఖంగుమని పలికాకగానీ నన్ను కొనలేదు. ఆవిడ ఇంట్లో నాది రాణీ వైభోగం. అలమారలో ఎత్తైన చోటు, మూతికి తెల్లటి గుడ్డతో వాసెన. ఎవరైనా తడిచెయ్యి పెట్టారో ఇల్లు ఎగిరిపోయేది. ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరు వినరుగానీ, నా దగ్గరికి మాత్రం అందరూ చేతులు తుడుచుకునే వచ్చేవారు.

ఆవిడ కూతురు మృదుల ద్రాక్షతోటల చదువు చదివింది. వైన్ తయారీ నేర్చుకోవడానికి జార్జియాలో ఒక రైతు ఇంట్లో ఇంటర్న్‌షిప్ దొరికింది. అమెరికాలోది కాదు, కాకేసస్ కొండల పక్కనున్న దేశం.

"వైనేంటే, నా ఖర్మ! ఎవరన్నా అడిగితే ద్రాక్షరసం అని చెప్పు," అంటూ రాజ్యలక్ష్మిగారు ఆవకాయ నింపిన నన్ను పెట్టెలో బట్టల మధ్య సర్దారు. "జాడీ వెనక్కి తీసుకురాకపోయావో, ఊరుకునేది లేదు!"

కూతుర్ని వెనక్కి రమ్మని కూడా అంత గట్టిగా చెప్పలేదావిడ.

మేము దిగిన ఇల్లు ఎతేరి బామ్మది, ఆమె భర్త వానో తాతది. మొదటిరోజే మృదుల నా మూత తీసింది. బామ్మ రొట్టెముక్క అద్దుకుని తిని, గ్లాసెడు నీళ్ళు తాగి, ఇంకో ముక్క కోసం చెయ్యి చాపింది. ఈ ఇల్లూ నాదే అయిందనుకున్నాను.

మర్నాడు వానో తాత మృదులను పెరట్లోకి తీసుకెళ్ళి నేలలో ఒక గుంత చూపించాడు. గుంత కాదట, కుండ మూతి. మనిషి దిగితే మునిగిపోయేంత మట్టికుండను మెడదాకా భూమిలో పాతేశారు. దాన్ని క్వెవ్రి అంటారు. ద్రాక్ష తొక్కి, రసాన్ని తొక్కలతో గింజలతో సహా అందులో పోశారు. పూడ్చిపెట్టిన కుండ నాకేం పోటీ అని వంటింటి కిటికీలోంచి చూస్తూ నవ్వుకున్నాను.

మూడోనాటికి ఆ పిల్ల నేలమీద మోకాళ్ళూని, దాని మూతికి చెవి ఆనించి, "తాతా, లోపల ఏదో మాట్లాడుతోంది!" అంది. పొంగుతున్న రసం చప్పుడది. ఆవకాయ ఊరేటప్పుడు నాలోనూ చప్పుళ్ళవుతాయి. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి నన్ను చూస్తోంది, ఒక్కనాడైనా నా మూతికి చెవి పెట్టిందా? నాకు ఒళ్ళు మండిపోయింది.

పొద్దున లేస్తే దాని దగ్గరికే. పొడుగాటి కర్రతో పైకి తేలిన తొక్కల్ని లోపలికి తొయ్యడం, వాసన చూడడం, రుచి చూడడం. అన్నం తింటున్నా కబుర్లు దాని గురించే. నేను అక్కడే, ఆమె చేతి పక్కనే ఉండేదాన్ని.

చలికాలం వచ్చేసరికి రసం పొంగు తగ్గింది. మూతిమీద రాయి పెట్టి, చుట్టూ బంకమన్ను మెత్తి, గాలి చొరకుండా మూసేశారు. ఆ ఏడు ఆ ఇంటికి ఉన్న వైనంతా అందులోనే. తర్వాత బంధువుల పెళ్ళికని ముసలివాళ్ళిద్దరూ పట్నం వెళ్తూ, "మూత జాగ్రత్త తల్లీ," అని మాత్రం చెప్పారు. వాళ్ళ దేశంలో ఆ మాట చాలు. మన్ను తడారనివ్వకూడదని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మృదుల మాత్రం మా ఇంటి పిల్ల. జాడీ మూతి దగ్గర తడి ఉంటే బూజు పడుతుందని ఉగ్గుపాలతో నేర్చుకుంది. వెళ్ళి చూస్తే బంకమన్ను తడిగా ఉంది. అయ్యయ్యో అనుకుంటూ పొడిగుడ్డతో ఒత్తి, బూడిద చల్లి, పైన రేకు కప్పి శ్రద్ధగా ఆరబెట్టింది. ముసలివాళ్ళు తిరిగొచ్చేసరికి మన్ను నెర్రెలిచ్చింది. లోపలికి గాలి పోతే వైన్ పులిసి చెడిపోతుంది.

నాకెంత సంతోషమైందో దాచుకోను. పగులు, ఇంకా పగులు అనుకున్నాను.

మృదుల ఏడుస్తూ నన్ను ఎత్తుకొచ్చి బామ్మకు చూపించింది. "మా దగ్గర చుక్క నీరు తగిలినా పాడైపోతుంది బామ్మా! ఇదీ అంతేననుకున్నాను."

బామ్మ నన్ను చూసింది, ఆ పిల్లను చూసింది. "మీ కుండకు నీళ్ళంటే భయం. మా కుండకు దాహం," అంది. వానో తాత రాయెత్తి, వైన్ రుచి చూసి, ఇంకో గుక్క తీసుకున్నాడు. తర్వాత తలూపాడు. చెడలేదు. కొత్త మన్ను మెత్తి, నీళ్ళ చెంబు తెచ్చి మళ్ళీ మృదుల చేతికే ఇచ్చాడు.

అదీ నా తలరాత! పగిలిపోతుందనుకున్న బంధం గట్టిపడింది. ఆనాటినుంచి మంచు కురిసినా సరే, ఆ పిల్ల చెంబు పట్టుకుని వెళ్ళి, మన్ను తడిపి, దాని పక్కన కాసేపు కూర్చుని వచ్చేది. నాలో ఆవకాయ అడుగంటింది. నన్ను కడిగి, ఆరబెట్టి, ఓ మూల పెట్టారు.

వసంతంలో క్వెవ్రి తెరిచారు. వైన్ తేనెరంగులో ఉంది. నా రంగు కూడా ఎత్తుకుపోయింది.

ఇంటికెళ్ళే రోజు దగ్గరపడింది. మృదుల పెట్టెలో నన్ను పెట్టి, పక్కన తాత ఇచ్చిన రెండు వైన్ సీసాలు పెట్టింది. మూత పడలేదు. సీసాలు తీసింది, పెట్టింది. నన్ను తీసింది, పెట్టింది. చివరికి నన్ను తీసి బల్లమీద పెట్టి తల్లికి ఫోన్ చేసింది.

"జాడీ ఇక్కడే వదిలేస్తున్నానమ్మా."

"మతిపోయిందా? దాంట్లో ఆవకాయ తినే పెరిగావు కదే!"

"నేను వాళ్ళ ఏడాది కష్టం పాడుచేయబోయానమ్మా. అయినా మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. నాది అనే వస్తువు ఏదో ఒకటి ఇవ్వకుండా ఎట్టా రాను?"

"అయితే ఖాళీ జాడీ ఇవ్వమాక. ఏదో ఒకటి కలిపి ఇవ్వు," అన్నారు రాజ్యలక్ష్మిగారు.

అక్కడి చెట్లకు కాసే, రేగుకాయల్లాంటి పుల్లటి పచ్చికాయలు కోసి, ఒక్కొక్కటీ తుడిచి, ఇంటినుంచి తెచ్చుకున్న ఆవపిండీ కారమూ కలిపి మృదుల నన్ను నింపింది. వీడ్కోలు విందులో అందరూ గ్లాసులెత్తి ఒక్కొక్కరే మాట్లాడడం అక్కడి ఆచారం. తన వంతు వచ్చినప్పుడు ఆ పిల్ల గ్లాసు బదులు నన్ను ఎత్తింది. "మీ కుండను నాకు నమ్మి అప్పగించారు. నాకున్న కుండ ఇదొక్కటే. ఉంచుకోండి," అంది. నన్ను బామ్మ చేతుల్లో పెట్టింది.

మర్నాడు వెళ్ళేముందు పెరట్లోకి పోయి నా సవతి క్వెవ్రి దగ్గర కూర్చుంది. నా దగ్గరికి రాలేదు. కారు వెళ్ళిపోయింది. దాని పిల్లలైన ఆ రెండు సీసాలు పెట్టెలో, నేను ఈ వంటింట్లో.

నెల తిరిగాక ఫోన్ వచ్చింది. బామ్మ ఫోన్ తెర నిండా మృదుల. మొదట అడిగింది దాని గురించే. బామ్మ ఫోన్ కిటికీలోంచి పెరటివైపు తిప్పింది. "ఎంత బాగుందో!" అని ఆ పిల్ల పకపకా నవ్వింది. తర్వాత ఫోన్ నావైపు తిరిగింది.

నవ్వు ఆగిపోయింది. "మా జాడీ..." అంది మృదుల. అంతే, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. బామ్మ కంగారుపడి ఫోన్ పక్కకు తిప్పబోయింది.

ఉండు బామ్మా, నన్ను ఇంకాసేపు చూడనీ. ఈ ఏడుపు పెరట్లో ఉన్నది కూడా విననీ.