ఒకే తేనెకు రెండు అడ్రసులు

తను కుట్టించుకున్న జాకెట్టు ఇంకొకరి ఒంటి మీద కనబడితే ఎలా ఉంటుందో, ఆ పొద్దున కంప్యూటర్ ముందు కూర్చున్న గ్రేస్‌కు అలా ఉంది. గూగుల్‌లో భద్రాచలం అడవి తేనె అని కొడితే మొదట వచ్చింది తోడికోడలు బ్లెస్సీ పెట్టిన సైటు, ‘గోదారి హనీ’. దాన్ని నొక్కితే తెరుచుకున్న పేజీలో ఉన్నవన్నీ గ్రేస్ రాసిన మాటలే. తేనె కోసేవాళ్లు పట్టునంతా ఎందుకు కోయరు, ఏ పూతకాలంలో తేనె ఏ రంగుకు తిరుగుతుంది, పినపాక వైపు నుంచి ఎర్రమ్మ తేనె బిందె మోసుకొచ్చి వాకిట్లో దించి ముందుగా అడిగేది మంచినీళ్లు కాదు, పిల్లలెట్లున్నరని. కామాలతో సహా అన్నీ ఉన్నాయి. డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని రాసిన ఇంగ్లీషు అది. గ్రేస్ సొంత సైటు ‘అడవి ఇల్లు’ మాత్రం మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో, ఎవరో అమ్మకానికి పెట్టిన ట్రాక్టరు ప్రకటన కింద ఉంది.

సారపాకలో వాళ్లది ఉమ్మడి కాపురం. అత్తగారు ఇన్నమ్మ ఎన్నో ఏళ్లుగా అడవి ఊళ్లవాళ్ల దగ్గర తేనె కొని, వడగట్టి, సీసాల్లో పోసి అమ్మేది. పెద్దకొడుకు సుకుమార్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. అతని భార్య గ్రేస్. చిన్నకొడుకు జస్టిన్ ఇంటి ముందుగదిలో నెట్ సెంటర్ పెట్టాడు. పెట్టిన కొత్తలో, పెళ్లి కాకముందు, వదినకు మౌస్ పట్టుకోవడం నేర్పి, తేనెకు ఒక సైటు చేద్దామన్నాడు. అతను పేజీ చేశాడు, ఆమె రాసింది. ఆ ఇంట్లో వంటగది అత్తగారిది, బీరువా తాళం చెవి భర్తది, టీవీ పిల్లలది. ‘అడవి ఇల్లు’ ఒక్కటే గ్రేస్‌ది. పాల్వంచలో ఎవరో డాక్టరుగారి భార్య ఫోన్ చేసి, మీరు రాసింది చదివాకే తెప్పించుకుంటున్నానమ్మా అన్నప్పుడు, గ్రేస్ ఆ మాటను ఎవరికీ చెప్పకుండా చాలా రోజులు తనలోనే దాచుకుంది.

తర్వాత జస్టిన్‌కు పెళ్లయి బ్లెస్సీ వచ్చింది. పెనుబల్లి ఆంథోని కూతురు. ఖమ్మంలో కంప్యూటర్ కోర్సు చేసింది. తండ్రి కొనిచ్చిన డిజిటల్ కెమెరా పట్టుకుని ఎర్రమ్మ వాళ్ల ఊరిదాకా వెళ్లి ఫోటోలు తీసుకొచ్చింది. పోయిన చలికాలంలో ‘గోదారి హనీ’ పెట్టింది. పాతది మసకబారింది కదక్కా, అంది. ఆ మాటకు గ్రేస్ నవ్వింది. ఆ తర్వాత సైటు గురించి ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోలేదు. కూర గురించి, పాలవాడి గురించి, పిల్లల పరీక్షల గురించి మాట్లాడుకునేవాళ్లు. సైటు సంగతి వస్తే మాత్రం ఇద్దరూ ఇన్నమ్మ వైపు తిరిగేవారు. “అత్తమ్మా, ఆ ధరలు మార్చాల్నేమో అడుగుండ్రి,” అని ఒకరు. “మార్చినమని చెప్పుండ్రి,” అని ఇంకొకరు. ముగ్గురూ ఒకే పీట చుట్టూ కూర్చుని చింతపండు గింజలు తీస్తూనే.

శనివారం జస్టిన్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడి మేళాలో వాళ్ల తేనెకు స్టాలు దొరికింది.

“వదినా, మేళా మేడం సోమవారం పగటిపూట మన సైటు చూసి బోర్డు రాపిస్తదంట. ఒక్క అడ్రసే రాస్తరు. రెండుంటే ఏది అసలు, ఏది నకలు అని అడుగుతుంది.”

“అసలుదేదో నీకు తెల్వదా?”

“నన్ను మధ్యల వెట్టకు వదినా. ఒకరు వదిన, ఒకరు పెండ్లాం. ఎటు జెప్పినా నాకు బువ్వ దొరకదు. కాని ఒకటైతే పక్కా. ఒకే రాత రెండు అడ్రసులల్ల ఉంటే గూగుల్‌కు గూడ గదే తికమక. ఒకదాన్ని ముందుకేసి ఇంకోదాన్ని ఎనకకు నూకుతది. అందుకే ఒక అడ్రసును ఇంకోదానికి మళ్లించాలె. పాతింటికొచ్చినోళ్లను కొత్తింటికి తోలినట్టు. ఏ అడ్రసునైతే పంపాల్నో దాని అకౌంట్ల రీడైరెక్ట్ అని ఉంటది, అండ్ల ఎటు పోవాల్నో రాసి నొక్కితే అయిపాయె. పాస్‌వర్డు రెండిటికి ఒక్కటే.”

ఆ ఇంట్లో అన్నిటికీ ఒకటే పాస్‌వర్డు, ఇన్నమ్మ పేరు. కరెంటు బిల్లుకూ అదే, నెట్ సెంటర్‌కూ అదే.

బ్లెస్సీ అప్పటికి సెలవులకని పెనుబల్లిలో పుట్టింట్లో ఉంది. గ్రేస్ ఫోన్ పెట్టేసి అత్తగారికి విషయమంతా చెప్పింది. “నేనైతే అడగను. అడిగేదుంటే మీరే అడుగుండ్రి,” అంది. ఇన్నమ్మ ఫోన్ తీసుకుని పెరట్లోకి పోయింది. చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చి, చెంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది.

“మాట్లాడిన బిడ్డా. చిన్నది ఒప్పుకుంది. అక్కదే ముందు గద, అక్కదే ఉండనీ అన్నది. దాని అడ్రసును నీ దానికి పంపుకొమ్మన్నది.”

“ఆమెనే పంపొచ్చు గద?”

“ఆడ కరెంటు పోయిందంట. నువ్వే చెయ్యి.”

గ్రేస్‌కు నమ్మబుద్ధి కాలేదు. నమ్మకపోతే నష్టం కూడా తనకే అనిపించింది. ముందుగదికి వెళ్లి, బ్లెస్సీ అకౌంట్ తెరిచి, జస్టిన్ చెప్పిన చోట ‘అడవి ఇల్లు’ అని నింపి నొక్కింది. ఆ తర్వాత ‘గోదారి హనీ’ అని కొట్టింది. పేజీ ఒక్క క్షణం తెల్లబోయి, మెల్లగా ‘అడవి ఇల్లు’గా తెరుచుకుంది. ఇంకోసారి కొట్టింది. ఇంకోసారి. కొత్త గాజులు చూసుకోవడానికి ఊరికే చెయ్యి ఊపినట్టు కొడుతూనే ఉంది. ఆదివారం పూజలో పాట అందరికన్నా ఒక మెట్టు పైకి పాడింది. బ్లెస్సీ వచ్చేసరికి దానికిష్టమైన గోంగూర రొయ్యలు చేద్దామని కూడా అనుకుంది. ఓడినవాళ్ల మీద జాలి పడటం ఎంత సుఖమో ఆమెకు ఆ రోజు తెలిసింది.

సోమవారం పొద్దున్నే జస్టిన్ ఫోన్.

“ఏం చేసిండ్రు వదినా మీరు? ఏది కొట్టినా తెరుచుకుంటలేదు. మేడం పదకొండింటికి చూస్తనన్నది.”

గ్రేస్ ముందుగదికి పరిగెత్తింది. ‘అడవి ఇల్లు’ కొట్టింది. పేజీ రాలేదు. ఈ అడ్రసు దారి మళ్లిస్తూనే ఉంది, ఎన్నటికీ ముగియదు అన్న అర్థంతో ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది. ‘గోదారి హనీ’ కొట్టినా అదే మాట. తన అకౌంట్ తెరిచి చూసింది. రీడైరెక్ట్ అన్న చోట ఒక వరుస కొత్తగా ఉంది. ‘అడవి ఇల్లు’కు ఎవరొచ్చినా ‘గోదారి హనీ’కి పంపమని. తను పెట్టింది కాదు.

వంటింట్లో ఇన్నమ్మ పప్పు రుబ్బుతోంది.

“అత్తమ్మా, బ్లెస్సీకి మీరేం జెప్పిండ్రు?”

ఇన్నమ్మ రుబ్బడం ఆపలేదు. “నీకేం జెప్పిన్నో గదే.”

“గదే అంటే?”

“అక్క ఒప్పుకుంది, నీదే ఉంచమన్నది, నువ్వే పంపుకో అని.” పొత్రం పక్కన పెట్టి చెయ్యి విదిలించింది. “పండుగకు చీరలు తెచ్చినప్పుడు మంచిది నీకే తీసిన అని ఇద్దరికీ చెప్పనా? గిన్నేండ్ల నుంచి ఎవరన్న కొట్లాడిండ్రా? ఇద్దరూ నాదే నిలిచింది అనుకుంటే ఇల్లు సల్లగుంటది గద.”

“చీరలైతే ఎవరిది వాళ్లు కట్టుకుంటరు అత్తమ్మా. ఇప్పుడు వచ్చినోడిని నేను నా కాడికి తోల్తున్న, ఆమె ఆమె కాడికి తోల్తుంది. వాడు తిరుగుతనే ఉంటడు.”

“గట్ల తిరిగి తిరిగి యాడనో ఒకకాడ ఆగడా?”

“ఆగడు. యాష్టకొచ్చి పోతడు.”

“ఏమో. నేను మనుషులకు చెప్పిన, మిషిన్లకు చెప్పలే,” అని ఇన్నమ్మ మళ్లీ పొత్రం పట్టుకుంది.

గ్రేస్ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. చిక్కు విప్పడం కష్టం కాదు. రెండు వరుసల్లో ఏదో ఒకటి తీసేస్తే చాలు. బ్లెస్సీ పెట్టింది తీసేస్తే ‘అడవి ఇల్లు’ నిలుస్తుంది. తను పెట్టింది తీసేస్తే ‘గోదారి హనీ’ నిలుస్తుంది. గ్రేస్ ఆలోచించలేదు. తన అకౌంట్‌లో బ్లెస్సీ పెట్టిన వరుసను తీసిపారేసింది. అడ్రసు కొడితే ‘అడవి ఇల్లు’ తెరుచుకుంది.

ఇన్నాళ్లూ ఆ పేజీని తన కళ్లతోనే చూసుకుంది. ఆ వేళ మేళా మేడం కళ్లతో చూడాల్సి వచ్చింది. పసుపు రంగు మీద ఎర్రని స్వాగతం మిణుకుమిణుకుమంటోంది. తేనె సీసా ఫోటో ఎంత నల్లగా ఉందంటే అందులో ఆముదం ఉందన్నా నమ్మొచ్చు. బ్లెస్సీ పేజీలో అయితే ఎర్రమ్మ రెండు చేతులు నిండుగా ఉంటాయి, వేళ్ల సందుల్లోంచి తేనె ఎండలో జారుతుంటుంది. ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడు గ్రేస్‌కు అన్నం సయించలేదు. తను నాలుగు పేరాల్లో చెప్పింది అది ఒక్క బొమ్మలో చెప్పేసింది. బొమ్మ అంత బాగుండి, పైగా కింద మాటలు కూడా తనవే తీసుకోవడం ఎందుకు? అన్నీ ఉన్నదానికి తనకున్న ఆ ఒక్కటీ ఎందుకు?

ఆమె చూస్తుండగానే, మళ్లీ కొట్టిన అడ్రసు తెరుచుకోవడం మానేసింది. వరుస మళ్లీ వచ్చి కూర్చుంది. పెనుబల్లిలో కరెంటు ఉందన్నమాట. గ్రేస్ తీసేసింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఇంకోసారి తీయబోతుంటే సెల్‌ఫోన్ మోగింది.

“అక్కా, తీసేస్తుంది నువ్వేనా?” బ్లెస్సీ.

“నా ఇంట్లది నేను తీసుకుంటున్న. నీకేంది?”

“నా ఇంట్ల ముందుగాల పెట్టింది నువ్వే గద.”

“నువ్వు ఒప్పుకున్నవని అత్తమ్మ చెప్పింది.”

అవతల బ్లెస్సీ చిన్నగా నవ్వింది. “నువ్వు ఒప్పుకున్నవని నాకు చెప్పింది. నేనైతే నమ్మలే. అక్క ఒప్పుకునుడేందని.”

“నమ్మకుండనే పెట్టినవా?”

“నువ్వు నమ్మి పెట్టినవా అక్కా?”

గ్రేస్ ఆ మాట దాటేసింది. “నా రాతలెందుకు ఎత్తుకపోయినవ్ బ్లెస్సీ? కోర్సు చదివినవ్ గద, నాలుగు ముక్కలు రాసుకోరాదా?”

“రాసి చూసిన. సబ్బు ప్రకటన లెక్క వచ్చింది. మా నాయినకు చదివి వినిపిస్తే తేనె కొనబుద్ధైతలేదు బిడ్డా అన్నడు. నీది చదివితే ఎర్రమ్మత్త వచ్చి మన వాకిట్ల కూసున్నట్టుంటది. ఇంకేం చెయ్యమంటవ్?”

“అడగాలె.”

“అడిగితే ఇస్తుంటివా?”

ఇచ్చేదాన్నే అనడానికి గ్రేస్ నోరు తెరిచింది. ఎదురుగా గోడ మీద మేరీమాత పటం ఉంది. నోరు మూసుకుంది.

“మూడు మాటలన్నా మార్చకపోతివి,” అంది చివరికి.

“మారిస్తే చెడిపోతది. నేనంత తెలివిలేనిదాన్నా?”

ఆ మాట గ్రేస్‌కు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. తగిలినందుకు ఒళ్లు మండింది. పొగిడించుకుని లొంగిపోయే రకం తను కాదనుకుంది. గడియారం చూసింది. జస్టిన్ నుంచి ఇంకో కాల్ వస్తూ ఉంది. దాన్ని మోగనిచ్చింది.

“చూడు. నీ దానికే పంపుత,” అంది. “బొమ్మలు నీవి బాగున్నయి. కాదనేదేం లేదు. కాని రాత నాది. పేజీ మీద నా పేరుండాలె. రాసింది గ్రేస్ అని.”

“పెడ్త అక్కా. ముందు నా కాడ నువ్వు పెట్టింది నువ్వే తియ్యి. నేను తీస్తే మళ్ల పెడ్తవ్.”

“ముందు నువ్వు పేరు పెట్టు. చూసినంక తీస్త.”

“యాడ చూస్తవ్? నువ్వే దారి బంద్ చేస్తివి. నేను పెట్టినా నీకు కనబడదు.”

నిజమే. బ్లెస్సీ అకౌంట్‌లో రీడైరెక్ట్ అన్న ఆ ఒక్క చోటే గ్రేస్‌కు అర్థమవుతుంది. లోపలి కోడ్ ఆమెకు చీమలబారులా కనిపిస్తుంది, అందులో తన పేరు ఉన్నా ఆనవాలు పట్టలేదు. పేరు చూడాలంటే పేజీ తెరుచుకోవాలి. పేజీ తెరుచుకోవాలంటే తన వరుస తను తీసేయాలి. తీసేశాక బ్లెస్సీ పేరు పెట్టకపోతే తన దగ్గర ఏమీ మిగలదు. రాత ఎప్పుడో పోయింది, ఇప్పుడు అడ్రసు కూడా పోతుంది.

“పెట్టినవా?” అంది.

“పెట్టిన.”

“ఒట్టు?”

“అక్కా, పదకొండు కావస్తుంది.”

ఒట్టు వేయలేదు. గ్రేస్ బ్లెస్సీ అకౌంట్ తెరిచి, బాణం గుర్తును తను పెట్టిన వరుస మీద ఉంచి చాలాసేపు అలాగే కూర్చుంది. వంటింట్లో పొత్రం చప్పుడు ఆగింది. ఇన్నమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇద్దరిలో ఎవరికి ఏం చెప్పాలో ఆమెకు మొదటిసారి తోచినట్టు లేదు.

గ్రేస్ నొక్కింది.

తన పాత అడ్రసు కొట్టింది. పేజీ తెల్లబోయి, మెల్లగా ‘గోదారి హనీ’గా తెరుచుకుంది. ఎర్రమ్మ చేతులు, ఎండలో తేనె. కిందికి జరిపింది. తన మొదటి పేరా, రెండోది, పూతకాలాలు, పిల్లలెట్లున్నరు. ఆ తర్వాత ఒక గీత. గీత కింద ఇంగ్లీషులో, రాసినవారు గ్రేస్. దాని పక్కనే, ఫోటోలు బ్లెస్సీ.

“కనబడ్డదా?” అంది బ్లెస్సీ.

“నీది లావుగున్నట్టుంది.”

“రెండు ఒక్కటే సైజు అక్కా.”

“నీ పేరు పొడుగు. అందుకే పెద్దగ కనబడ్తుంది. నాది కొంచెం పెంచరాదా?”

“ఇంకేమన్న ఉన్నదా?”

“గా గీత పైకి తేరాదా? కిందిదాక ఎవరు చదువుతరు?”

“నువ్వు రాసింది కిందిదాక చదువుతరక్కా,” అని బ్లెస్సీ ఫోన్ పెట్టేసింది. వెక్కిరించిందో, నిజంగా అన్నదో గ్రేస్‌కు తేలలేదు.

జస్టిన్ కాల్ మళ్లీ వచ్చింది. “వదినా, మేడం ముందలనే నిల్చున్న. ఏ అడ్రసు చెప్పాలె?”

“ఒక్క నిమిషం ఆగు,” అంది గ్రేస్. పేజీని మళ్లీ కొత్తగా తెరిచింది. కిందిదాకా జరిపింది. పేరు అక్కడే ఉంది. ఇంకోసారి తెరిచింది. ఇంకా ఉంది.

“గోదారి హనీ,” అంది.